పైగదిలో వైఫై నత్తనడక: ప్లాన్ పెంచే ముందు ఏం చూడాలి

మీరు చెప్పిన సమస్య క్లుప్తంగా ఇదీ. గుంటూరు బ్రాడీపేటలో రెండంతస్తుల సొంత ఇల్లు. 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. రౌటర్ కింద హాల్లో టీవీ వెనక ఉంది. హాల్లో ఫోన్‌లో చూస్తే 80, 90 దాకా వస్తోంది. పైన మీ అమ్మాయి గదిలో ల్యాప్‌టాప్‌లో మాత్రం 6, 7 దాటడం లేదు. సాయంత్రమైతే ఆన్‌లైన్ క్లాసు మధ్యలో బొమ్మ నిలిచిపోతోంది. ఆపరేటర్‌ని అడిగితే "లైను బాగానే ఉందండీ, 300 ప్లాన్‌కి మారండి" అన్నారు. షాపులో అడిగితే నాలుగు యాంటెన్నాల ఖరీదైన రౌటర్ చూపించారు. రెండింట్లో ఏది చెయ్యాలని మీ ప్రశ్న.

ప్రస్తుతానికి రెండూ చెయ్యొద్దండి. హాల్లో 90 వస్తూ పైన 7 వస్తోందంటే, స్తంభం నుంచి మీ రౌటర్ దాకా నెట్ వస్తోంది, రౌటర్ నుంచి పైగదికే చేరడం లేదని మీ అంకెలే చెబుతున్నాయి. 300 ప్లాన్ తీసుకుంటే హాల్లో 90 కాస్తా పెరుగుతుందేమో. పైన ఆ 7 అలాగే ఉంటుంది. ఇళ్లలో నెట్‌వర్క్‌లు వేసే పని మీద గుంటూరు, విజయవాడల్లో చాలా ఇళ్లకు వెళ్తుంటాను. నెలనెలా పెద్ద ప్లాన్‌కి డబ్బు కడుతూ, పిల్లలు మాత్రం మెట్ల మీద కూర్చుని క్లాసు వినే ఇళ్లు చూస్తే బాధగా ఉంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీకు ఎంత అవసరమో చూద్దాం. నెట్‌ఫ్లిక్స్ 4కే సినిమాకి 15 ఎంబీపీఎస్, మామూలు హెచ్‌డీకి 5 ఉంటే చాలంటుంది. జూమ్ క్లాసు మంచి క్వాలిటీతో నడవాలన్నా 4 లోపే పడుతుంది. అంటే నలుగురైదుగురు ఉన్న ఇంటికి 100 ఎక్కువే. ఇంకో మాట. ఎంబీపీఎస్ అంటే సెకనుకి ఇన్ని మెగాబిట్లు. ఫైలు సైజులు మెగాబైట్లలో ఉంటాయి, ఒక బైటుకి 8 బిట్లు. కాబట్టి 100 ప్లాన్‌లో డౌన్‌లోడ్ సెకనుకి 12 మెగాబైట్ల దగ్గర కనిపిస్తే అది పూర్తి స్పీడే. దాన్ని చూసి "100 కడితే 12 ఇస్తున్నారు" అని ఆపరేటర్‌తో గొడవ పడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇక పరీక్ష. హాల్లో ఫోన్‌తో చేసిన టెస్టు కూడా వైఫై మీద చేసిందే కదా, అది పూర్తి రుజువు కాదు. ల్యాప్‌టాప్‌ని కిందికి తెచ్చి, లాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి కలపండి. ఈమధ్య వచ్చే పల్చటి ల్యాప్‌టాప్‌లకి లాన్ పోర్టు ఉండటం లేదు. అలాగైతే యూఎస్‌బీకి తగిలించే లాన్ అడాప్టర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి. ఇంట్లో మిగతా ఫోన్లు, టీవీ కూడా కాసేపు ఆపించండి. అప్పుడు స్పీడ్ టెస్ట్ చెయ్యండి. పొద్దున్నే ఒకసారి, రాత్రి 9 గంటలప్పుడు ఒకసారి. రెండు వేళలూ ముఖ్యమే, ఎందుకంటే ఫైబర్ కూడా పంచుకునేదే. చాలాచోట్ల వాడే జీపాన్ పద్ధతిలో ఆపరేటర్ దగ్గర ఒక పోర్టు నుంచి సుమారు 2.5 గిగాబిట్లు బయల్దేరి, మధ్యలో స్ప్లిటర్ల దగ్గర చీలి, 32 ఇళ్లకో 64 ఇళ్లకో వెళ్తాయి. ఆ వెనక ఆపరేటర్ కొనుక్కున్న బ్యాండ్‌విడ్త్ కూడా అందరిదీ కలిపే. రాత్రి భోజనాలయ్యాక వీధంతా ఓటీటీల ముందు కూర్చుంటే తగ్గేది అక్కడే.

కేబుల్ మీద రెండు వేళల్లోనూ 90 పైన వస్తే ఆపరేటర్ చెప్పింది నిజమే, లైను బాగుంది. 94, 95 దగ్గర ఆగిపోతే కంగారు పడకండి. 100 మెగాబిట్ పోర్టులో తీగ మీద వచ్చేది అంతే, మిగిలింది ప్యాకెట్ల చిరునామాలకే పోతుంది. పొద్దున 90 వచ్చి రాత్రి 25కి పడితే అది ఆపరేటర్ సంగతి. దాని గురించి కింద చెప్తాను. ఎప్పుడు చూసినా 9 చిల్లర దగ్గరే ఆగిపోతుంటే మాత్రం లాన్ కేబుల్ పాడై పోర్టు 10 మెగాబిట్లకి దిగిపోయిందని అనుమానించాలి.

ఈ కేబుల్ సంగతి కొంచెం నిలబడి చెప్పాలి. విజయవాడ సత్యనారాయణపురంలో ఒకరింట్లో 200 ప్లాన్ ఉంది, కొత్త రౌటర్ కూడా ఉంది, అయినా 94 దాటడం లేదు. ఫైబర్ బాక్సుకి, రౌటర్‌కి మధ్య ఉన్న కేబుల్ తీసి, ఆ పారదర్శకంగా ఉండే చివరి క్లిప్పుని లైటుకి ఎదురుగా పెట్టి చూశాను. లోపల ఎనిమిది రాగి తీగలు వరసగా కనపడాలి. అక్కడ నాలుగే ఉన్నాయి. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, ఆకుపచ్చ. నీలం జత, గోధుమ జత కత్తిరించి వెనక్కి మడిచేశారు. 100 మెగాబిట్లకి ఆ రెండు జతలే సరిపోతాయి కాబట్టి తొందరలో కొందరు అంతటితో వదిలేస్తారు. గిగాబిట్ నడవాలంటే నాలుగు జతలూ ఉండాల్సిందే. కొత్త క్లిప్పు వేసి ఎనిమిది తీగలూ క్రింప్ చేస్తే అదే ప్లాన్, అదే రౌటర్ మీద 190 దాటింది. మీది 100 ప్లాన్ కాబట్టి ఇది ఇప్పుడు మిమ్మల్ని పట్టి పీడించేది కాదు. కానీ ఎవరైనా ప్లాన్ పెంచే ముందు ఆ క్లిప్పు, రౌటర్ పోర్టు చూసుకోవాలి. ఆపరేటర్లు ఉచితంగా ఇచ్చే చవక బాక్సుల్లో పోర్టులు 100 మెగాబిట్లవే ఉండటం మామూలు. అలాంటి బాక్సుకి 300 ప్లాన్ పెట్టినా తీగ మీద 95 దాటదు.

కేబుల్ మీదే స్పీడు రాకపోతే ఏం చూడాలో కూడా చెప్తాను, మీకు కాకపోయినా పక్కింటివాళ్లకైనా పనికొస్తుంది. ఫైబర్ బాక్సు సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్ అని ఒక అంకె ఉంటుంది, డీబీఎంలలో (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క), ముందు మైనస్ గుర్తుతో. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం. అది మైనస్ 15, మైనస్ 20 ప్రాంతంలో ఉంటే బాగున్నట్టు. మైనస్ 25 దాటిందంటే ఎక్కడో నష్టపోతోందని అర్థం. మైనస్ 27 దాటితే మామూలు జీపాన్ బాక్సు సరిగ్గా చదవగలిగే హద్దే దాటేసినట్టు. అప్పుడు పేజీలు ఒకసారి తెరుచుకుంటాయి, ఒకసారి తెరుచుకోవు. బాక్సు మీద ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటుంది. కారణం చాలాసార్లు చిన్నదే. తలుపు సందులో ఫైబర్ నలిగిపోవడం, టీవీ వెనక మిగిలిన తీగని బిగించి ట్యాగ్ వెయ్యడం. ఫైబర్ లోపల వెళ్లేది వెలుతురు, తీగ మరీ వంగితే అది పక్కకి కారిపోతుంది. మిగిలిన తీగని అరచేయంత వెడల్పు చుట్టగా వదులుగా పెట్టాలి. ఇంకోటి, కనెక్టర్ రంగు. ఆకుపచ్చ కనెక్టర్ కొనని ఏటవాలుగా అరగదీసి ఉంటుంది, నీలం దాన్ని తిన్నగా. ఈ రెండూ ఒకదాంట్లో ఒకటి దూరతాయి, లైటు కూడా వెలుగుతుంది, కానీ మధ్యలో సందు మిగిలి సిగ్నల్ బాగా పడిపోతుంది. లైన్‌మన్ బాక్సు మార్చి వెళ్లిన రోజు నుంచీ స్లో అయిందంటే ముందు ఆ రంగులు చూడండి. కొనని మాత్రం వేలితో ముట్టుకోవద్దు, కంటికి ఎదురుగా పెట్టుకుని లోపలికి చూడొద్దు.

ఇప్పుడు మీ అసలు కథ, గాలిలో వెళ్లే భాగం. పైగదిలో అమ్మాయి ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ అని కొట్టి, పక్కన రౌటర్ అడ్రస్ ఇచ్చి, చివర మైనస్ టీ అని ఇచ్చి నడవనివ్వండి. రౌటర్ అడ్రస్ సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1, బాక్సు అడుగున స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఇంకో విండోలో అలాగే 8.8.8.8కి నడపండి, అది బయట ఉన్న గూగుల్ సర్వర్ అడ్రస్. రౌటర్‌కి వెళ్లి వచ్చే పింగ్ 2, 3, 5 మిల్లీసెకన్లలో నిలకడగా ఉండాలి. క్లాసు ఆగిపోయిన క్షణంలో ఆ అంకె 200, 400కి ఎగిరినా, రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్ అని పడినా, తప్పు మీ ఇంట్లోనే, హాలుకీ పైగదికీ మధ్యే. రౌటర్ పింగ్ నిలకడగా ఉండి 8.8.8.8ది మాత్రమే ఎగిరితే తప్పు బయట. ఇంత తేలిగ్గా, పైసా ఖర్చు లేకుండా వాదన తేల్చే పరీక్ష ఇంకోటి లేదు. ఆపరేటర్ మనిషి వచ్చినప్పుడు ఈ రెండు విండోలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే మాట మారుతుంది.

మీ అంకెలను బట్టి నా అంచనా ఇదీ. మామూలు రౌటర్ వైఫైని 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లలో, అంటే రెండు రేడియో దారుల్లో ఇస్తుంది. హాల్లో ఫోన్‌కి 90 వస్తోందంటే అది 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద పట్టుకుని ఉంటుంది. పైగదికి 5 సరిగ్గా చేరడం లేదు, ల్యాప్‌టాప్ 2.4కి దిగిపోతోంది. 2.4 గోడలు, స్లాబు దాటడంలో నయం, కానీ అది ఇరుకు రోడ్డు. మన దేశంలో అందులో 1 నుంచి 13 దాకా ఛానళ్లు ఉన్నాయి, అయితే ఒకదానితో ఒకటి ఢీకొట్టకుండా పక్కపక్కన నడిచేవి మూడే: 1, 6, 11. బ్రాడీపేటలో ఇళ్లు ఎంత ఆనుకుని ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏ లైనులోనైనా, ఏ అడ్డరోడ్డు దగ్గరైనా నిలబడి ఫోన్‌లో వైఫై జాబితా తెరిస్తే కిందికి జరుపుతూనే ఉండాలి. హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, అపార్ట్‌మెంట్లు అన్నీ ఆ మూడు ఛానళ్లనే పంచుకోవాలి. సాయంత్రం అందరూ ఇళ్లకు చేరాక మీ పైగదిలో క్లాసు ఆగడానికి ఇదే పెద్ద కారణమని నా నమ్మకం.

"కానీ వైఫై గీతలు ఫుల్‌గా ఉన్నాయి కదా" అంటారు. ఆ గీతలు చెప్పేది ఒక్కటే, రౌటర్ అరుపు మీ ల్యాప్‌టాప్‌కి ఎంత గట్టిగా వినిపిస్తోందని. అదే ఛానల్లో పక్కింటి రౌటర్ ఎంత గోల చేస్తోందో అవి చెప్పవు. ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చే జవాబు రౌటర్‌కి వినిపిస్తోందో లేదో కూడా చెప్పవు. ల్యాప్‌టాప్, ఫోన్ల ప్రసార శక్తి రౌటర్ కంటే తక్కువ. అందుకే దూరం గదిలో డౌన్‌లోడ్ ఏదోలా వచ్చి, అప్‌లోడ్ చచ్చిపోతుంది. క్లాసులో ఆమెకి టీచరు కనిపిస్తూ, టీచరుకి ఆమె మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందంటే ఇదే.

గీతల బదులు అంకె చూడండి. ఆండ్రాయిడ్‌లో వైఫై ఎనలైజర్ లాంటి ఉచిత యాప్ వేసుకుంటే డీబీఎంలలో చూపిస్తుంది. మైనస్ 50 అంటే బ్రహ్మాండం. మైనస్ 67 దాకా వీడియో క్లాసుకి ఢోకా లేదు. మైనస్ 75 దాటితే కష్టం, మైనస్ 80 అంటే ఉన్నా లేనట్టే. ఆ యాప్ పట్టుకుని హాల్లోంచి మెట్లెక్కి పైగది దాకా నిదానంగా నడవండి. ఎక్కడ ఒక్కసారిగా పడిపోతోందో కళ్లారా కనిపిస్తుంది. కొన్నిళ్లలో స్లాబు దగ్గర పడదు, ఒక ఇనప బీరువా దాటగానే పడుతుంది. స్లాబులో ఇనప చువ్వలు, గోడకి ఆనించిన బీరువా, నిలువుటద్దం, ఫ్రిజ్, నీళ్ల డ్రమ్ము, ఇవన్నీ సిగ్నల్‌కి శత్రువులే. బయటి తొమ్మిదంగుళాల గోడ లోపలి నాలుగున్నర గోడ కంటే ఎక్కువ తింటుంది.

అన్నిటికంటే ముందు రౌటర్‌ని టీవీ వెనక నుంచి బయటికి తీయండి. టీవీ వెనకంతా లోహపు పలక. దాని చాటున రౌటర్ పెడితే సగం ఇంటికి తలుపు వేసినట్టే. గోడ మీద, మనిషి ఎత్తు పైన, వీలైతే మెట్ల వైపు పెట్టండి. మెట్ల దారిలో స్లాబు ఉండదు, సిగ్నల్ పైకి పోవడానికి అంతకంటే మంచి తోవ లేదు. లైన్‌మన్ ఫైబర్ తెచ్చిన చోటే రౌటర్ ఉండాలని ఏ రూలూ లేదు. ఫైబర్ బాక్సుని అక్కడే వదిలేసి, రౌటర్‌ని మాత్రం లాన్ కేబుల్‌తో మెట్ల దాకా లాగొచ్చు. యాంటెన్నా నిటారుగా ఉంటే తరంగాలు ప్రధానంగా పక్కలకి వెళ్తాయి, కొన మీదుగా పైకి తక్కువ వెళ్తాయి. పై అంతస్తుకి కావాలంటే ఒక యాంటెన్నాని అడ్డంగా వంచి చూడండి. రౌటర్‌కి యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ తగిలించి ఉంటే తీసేయండి, అది 2.4 బ్యాండ్‌లో గోల చేస్తుంది. పక్కనే మైక్రోవేవ్ ఉంటే అది తిరుగుతున్నంతసేపూ 2.4 పడుకుంటుంది.

సెట్టింగుల్లో మార్చాల్సినవి ఎక్కువేం లేవు. 2.4కీ 5కీ వేర్వేరు పేర్లు పెట్టండి, అప్పుడు ఏది దేని మీద ఉందో తెలుస్తుంది. 2.4లో ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి దించండి. 40 పెడితే కాగితం మీద స్పీడు రెట్టింపు కనిపిస్తుంది, కానీ మీలాంటి ఇరుకు పేటలో పక్కవాళ్లతో రెట్టింపు గొడవ. 1, 6, 11లో ఏది ఖాళీగా ఉందో యాప్‌లో చూసి, ఆటో తీసేసి అది పెట్టండి. మధ్యలో 3, 9 లాంటివి తెలివిగా అనిపిస్తాయి గానీ, అటు ఇటు ఇద్దరి గోలా మీదే పడుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48 లోపు గానీ, 149 నుంచి 161 లోపు గానీ పెట్టండి. 2018లో మన ప్రభుత్వం 5 గిగాహెర్ట్జ్‌లో మరిన్ని ఛానళ్లకి లైసెన్సు అక్కర్లేకుండా చేసింది. అయితే 52 పైన కొన్నింట్లో రాడార్‌కి దారివ్వాలన్న నియమం ఉంది, రౌటర్ ఉన్నట్టుండి ఛానల్ మార్చేయొచ్చు. క్లాసులకి అది మంచిది కాదు. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ (వైఫైకి తాళం వేసే పద్ధతులు) ఉందా చూడండి. పాత టీకేఐపీ ఎంచుకుని ఉంటే వైఫై మొత్తం 54 మెగాబిట్ల పాతకాలానికి పడిపోతుంది. పదేళ్ల కిందట పెట్టిన సెట్టింగే కొత్త రౌటర్‌లోనూ కాపీ చేసుకున్నవాళ్ల దగ్గర ఇది కనిపిస్తుంది. ఫైబర్ బాక్సు, రౌటర్ రెండూ విడివిడిగా ఉండి రెండూ వైఫై ఇస్తుంటే బాక్సుది ఆపేయండి.

ల్యాప్‌టాప్‌ని కూడా అనుమానించాలి. విండోస్‌లో వైఫై ప్రాపర్టీస్ తెరిస్తే ఏ బ్యాండ్, లింక్ స్పీడ్ ఎంత అని ఉంటుంది. అక్కడ 72 కనిపించి 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ పేరే రౌటర్ పక్కన కూర్చున్నా జాబితాలో రాకపోతే, ఆ ల్యాప్‌టాప్ వైఫై కార్డు 2.4 మాత్రమే పట్టేది. లింక్ స్పీడ్‌లో నిజంగా చేతికొచ్చేది సగం, ఇంకాస్త అంతే. 72లో 35, 40 వస్తే గొప్ప. అలాంటి ల్యాప్‌టాప్‌కి ఏ రౌటర్ కొన్నా ఉపయోగం లేదు, చిన్న డ్యూయల్ బ్యాండ్ యూఎస్‌బీ అడాప్టర్ పెడితే సరి. 5 పట్టే కార్డు అయితే సాధారణంగా 433, 866 లాంటి పెద్ద అంకె కనిపిస్తుంది.

మీరు రాయలేదు గానీ, ఇంటికి వైఫై కెమెరాలు ఉన్నాయా? ఎవరి ఫోన్లోనైనా ఫొటోలు ఆటోమేటిగ్గా గూగుల్‌లోకి బ్యాకప్ అవుతున్నాయా? పెళ్లికో శుభకార్యానికో వెళ్లొచ్చిన సాయంత్రం ఇంట్లో ముగ్గురి ఫోన్లూ వీడియోలు ఎక్కిస్తుంటే అప్‌లోడ్ నిండిపోతుంది. అప్‌లోడ్ నిండితే రౌటర్‌లో వరస పేరుకుపోయి, డౌన్‌లోడ్ ఖాళీగా ఉన్నా పేజీ తెరుచుకోదు, క్లాసు ఆగుతుంది. స్పీడ్ టెస్ట్ నడుస్తుండగా 8.8.8.8 పింగ్ చూడండి. 10 నుంచి 300కి ఎగిరితే ఇదే జబ్బు. బ్యాకప్‌ని అర్ధరాత్రికి మార్చడం, రౌటర్‌లో క్యూఓఎస్ (దేనికెంత స్పీడు ఇవ్వాలో చెప్పే సెట్టింగు) ఉంటే అప్‌లోడ్‌ని ప్లాన్‌లో 90 శాతానికి బిగించడం దీనికి మందు.

ఇంత చేశాక కూడా పైగదిలో మైనస్ 70 దాటి పోతుంటే, ఇక రౌటర్ మీద ఆశ పెట్టుకోవద్దు. నాలుగు యాంటెన్నాలున్నా ఎనిమిదున్నా ప్రసార శక్తికి చట్టం పెట్టిన హద్దు అందరికీ ఒకటే, స్లాబు దాటించే మంత్రం దేనికీ లేదు. పైన ఇంకో వైఫై కేంద్రం కావాలి, దానికి కింద నుంచి కేబుల్ వెళ్లాలి. మీ ఇంటికి నేను చెప్పే మందు ఇదే. పాత రౌటర్ అటక మీద ఎక్కడో ఉండే ఉంటుంది, దాన్ని దించండి. 5 గిగాహెర్ట్జ్ ఉన్నదైతే మరీ మంచిది. దాని సెట్టింగుల్లోకి వెళ్లి అడ్రస్‌ని 192.168.1.2 లాంటి దానికి మార్చండి (మీ అసలు రౌటర్ 192.168.1.1 అయితే). డీహెచ్‌సీపీ (ఫోన్లకి, ల్యాప్‌టాప్‌లకి అడ్రస్‌లు పంచే పని) ఆపేయండి, అది అసలు రౌటరే చూసుకుంటుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్ కింద ఉన్నవే పెట్టండి, ఛానల్ మాత్రం వేరేది. కింద 1 ఉంటే పైన 11. అసలు రౌటర్ లాన్ పోర్టు నుంచి కేబుల్ తెచ్చి, దీని వాన్ పోర్టులో (మామూలుగా బయటి లైను పెట్టేది) కాకుండా లాన్ పోర్టులోనే పెట్టండి. అంతే. మీ అమ్మాయి మెట్లెక్కుతుంటే ల్యాప్‌టాప్ తనంతట తనే పైదానికి మారుతుంది.

కేబుల్ క్యాట్ 6 తీసుకోండి, పూర్తి రాగిది. షాపులో చవగ్గా ఇచ్చే కొన్నింట్లో లోపల అల్యూమినియం ఉండి పైన రాగి పూత ఉంటుంది. చాకుతో గీకితే తెల్లగా బయటపడుతుంది. దారి విషయానికొస్తే, కేబుల్ టీవీ కోసం ఇల్లు కట్టినప్పుడే గోడల్లో వేసిన పైపు ఉంటుంది, ముందు అందులోంచి లాగించి చూడండి. కరెంటు తీగలున్న పైపులో వెయ్యొద్దు. ఏ దారీ లేకపోతే బయటి గోడ మీదుగా తీసుకెళ్లండి, కానీ పీవీసీ పైపులో పెట్టి. మన గుంటూరు మే నెల ఎండకి మామూలు లాన్ కేబుల్ తొడుగు పెళుసెక్కి పగిలిపోతుంది, మొదటి వానకే నీళ్లు దిగుతాయి. పొడవు 100 మీటర్ల దాకా ఇబ్బంది లేదు, మీకు అందులో పావు వంతు కూడా పట్టదు.

రిపీటర్ కొనొచ్చా అని చాలామంది అడుగుతారు. సాకెట్‌కి తగిలించే చిన్నవి ఒకే రేడియోతో కింద నుంచి తీసుకోవాలి, మళ్లీ పైకి ఇవ్వాలి. కాబట్టి స్పీడు సగానికి పడుతుంది. పైగా వాటిని ఎక్కువమంది నెట్ రాని గదిలోనే పెడతారు. అక్కడ దానికి మాత్రం ఎక్కడిది? సగం దారిలో, మీ ఇంట్లో అయితే మెట్ల మలుపు దగ్గర పెడితే కొంత మెరుగు. మెష్ సెట్లు, అంటే ఒకే వైఫైగా కలిసి పనిచేసే రెండు మూడు పెట్టెలు, వీటికంటే నయం, అయినా వాటికి కూడా మధ్యలో కేబుల్ ఇస్తేనే పూర్తి ఫలితం. కేబుల్ వెయ్యలేని అద్దె ఇళ్లవాళ్లకి మెష్ సరైనది. సొంత ఇంట్లో ఉన్న మీకు కేబుల్ ఉండగా ఆ ఖర్చు దండగ.

వేసవికి సంబంధించి ఒకటి. రౌటర్‌ని చెక్క అరలో మూసి పెడితే మధ్యాహ్నం అది కాలిపోతుంటుంది, ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది. గాలాడాలి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గంటసేపు స్లో అంటే అడాప్టర్ని అనుమానించండి. 12 వోల్టులు ఇవ్వాల్సిన అడాప్టర్ అరిగిపోయి తక్కువ ఇస్తుంటే లైట్లు వెలుగుతూనే ఉంటాయి, వైఫై మాత్రం నీరసిస్తుంది. అదే వోల్టు, అంతకు తగ్గని ఆంపియర్ ఉన్నది మార్చి చూడండి.

ఒకవేళ రాత్రి పూట కేబుల్ టెస్టులోనే స్పీడు పడిపోతోందని తేలితే, ముందు మీ ప్లాన్‌లో నెల కోటా ఎంతో చూడండి. చాలా అపరిమిత ప్లాన్లలో 3300 జీబీ దాటాక స్పీడు బాగా తగ్గిస్తారు. మామూలు ఇంటికి అంత అవ్వదు, కెమెరాలు, 4కే టీవీలు ఉన్న ఇంటికి దగ్గర పడొచ్చు. కోటా సమస్య కాకపోతే, తేదీ, టైము కనపడేలా స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్లు దాచి, కస్టమర్ కేర్‌కి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తప్పకుండా తీసుకోండి. లైన్‌మన్‌కి వాట్సాప్ పెడితే అది ఫిర్యాదు కింద లెక్కలోకి రాదు. అక్కడ తేలకపోతే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీలోనూ అప్పీలు వినే అధికారి ఉండాలి, ఆ డాకెట్ నంబరుతో అప్పీలు చెయ్యొచ్చు. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ కూడా ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు.

కేబుల్ వేయించడానికి నాలుగు రోజులు పడుతుందనుకుంటే, ఈలోపు అమ్మాయికి ఆన్‌లైన్ పరీక్ష ఏదైనా ఉంటే పైగదిలో వైఫైని నమ్ముకుని టెన్షన్ పడొద్దు. ఆ రెండు గంటలూ ల్యాప్‌టాప్‌ని కింద హాల్లో లాన్ కేబుల్‌తో పెట్టి కూర్చోబెట్టండి, టీవీ ఆపేయండి. మీ ఫోన్‌లో మొబైల్ డేటా ఉంచి, యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కి టెథరింగ్ ఎలా ఇవ్వాలో ముందు రోజే ఒకసారి ఇద్దరూ చేసి చూసుకోండి. పరీక్ష మధ్యలో కరెంటు పోయినా, ఫైబర్ తెగినా అరనిమిషంలో దానికి మారిపోవచ్చు.